పుంగనూరు ఆవుకున్న విలువ పుంగనూరు బిడ్డకు లేదా?

2024 సంక్రాంతికి ఢిల్లీలో ప్రధానమంత్రి నివాసంలో పుంగనూరు ఆవులు కనిపించాయి. ఆయన వాటికి మేత పెడుతున్న ఫొటోలు దేశమంతా చూసింది. మూడడుగుల ఎత్తున్న ఆవు, కరువులో దొరికిన గడ్డి తిని చిక్కటి పాలిచ్చే ఆవు, మన పడమటి మండలాల ఆవు. దానికి అంత గౌరవం దక్కినందుకు మాకూ సంతోషమే.

అయితే మేం ఒక ప్రశ్న అడుగుతున్నాం. ఆ ఆవు పుట్టిన గడ్డ మీదే పుట్టి, ప్రభుత్వ కాలేజీలో బి.జడ్.సి. చదివి, తిరుపతిలోనో అనంతపురంలోనో ఎమ్మెస్సీ జువాలజీ పూర్తి చేసిన ఒక కూలింటి బిడ్డ 'నేను ఈ జీవాల మీద పరిశోధన చేస్తాను' అని ముందుకొస్తే, పాలకులు ఆ బిడ్డకు చూపిస్తున్న దారి ఏది? ఆవుకు ఢిల్లీ దాకా దారి దొరికింది. బిడ్డకు తిరుపతి లేబరేటరీ గడప దగ్గరే ఆగిపోయింది.

ఆ గడప దాటించే తొలి మెట్టు పేరు ఎం.ఫిల్. ఇప్పుడు ఆ మెట్టు లేదు. తీసేశారు. తీసేసిన సంగతి కూడా మన పల్లెలకు ఆలస్యంగా తెలిసింది. అందుకే ఈ వారం దీని మీద రాస్తున్నాం.

ఎం.ఫిల్. అంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. ఎమ్మెస్సీ తర్వాత ఏడాది నుంచి రెండేళ్లు చేసే చిన్న పరిశోధన డిగ్రీ అది. కొంత కోర్సువర్కు, ఒక గైడు, ఒక చిన్న సమస్య, చివర్లో ఒక సిద్ధాంత వ్యాసం, వైవా. జువాలజీలో అయితే చెరువు చేపకు ఏ పురుగుమందు ఎంత మోతాదులో విషమవుతుందో తేల్చడం, పట్టుపురుగుకు పట్టిన రోగాన్ని మైక్రోస్కోపు కింద గుర్తించడం, ఒక గుట్ట మీద పక్షులను ఏడాది పొడుగునా లెక్కపెట్టడం. ఎమ్మెస్సీ దాకా పుస్తకంలో ఉన్నది చదువుతాం. పుస్తకంలో లేనిది వెతకడం మొదట నేర్పేది ఎం.ఫిల్. వచ్చిందా, పీహెచ్‌డీకి పోతాం. రాలేదా, ఏడాదిలో తేలిపోతుంది, వేరే బతుకుదెరువు చూసుకుంటాం. పేదవాడికి కావలసింది అదే. ఐదారేళ్లు పణంగా పెట్టే స్తోమత లేనివాడికి ఏడాది పరీక్ష అది.

దాన్ని ఎలా చంపారో వరసగా చూడండి. 2006లో యూజీసీ ఒక మాట చెప్పింది. ఎం.ఫిల్. ఉంటే డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పడానికి నెట్ అక్కర్లేదంది. ఆ మాట నమ్మి వేలమంది చేరారు. 2009లో ఆ మాట వెనక్కి తీసుకుంది. మధ్యలో చిక్కుకున్న అభ్యర్థులు కోర్టులకెక్కారు. 2015 మార్చిలో సుప్రీంకోర్టు యూజీసీ పక్షానే తీర్పు చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం అసలు ఎం.ఫిల్. కోర్సే వద్దంది. 2022 నవంబర్ 7న గెజిట్‌లో వచ్చిన కొత్త పీహెచ్‌డీ నిబంధనలతో దేశమంతా ఎం.ఫిల్. ఆగిపోయింది. 2023 డిసెంబర్ చివర్లో యూజీసీ మళ్లీ ఒక హెచ్చరిక చేసింది. ఎం.ఫిల్.కు గుర్తింపు లేదు, విద్యార్థులెవరూ చేరొద్దు, విశ్వవిద్యాలయాలు ప్రవేశాలు ఆపాలి అని.

ఢిల్లీలో కూర్చుని రాసిన ఒక వాక్యం. దాని లెక్క మన సీమలో ఎలా తేలిందో చూద్దాం.

2016 నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ ఒకేసారి ముగ్గురు ఎం.ఫిల్., ఎనిమిది మంది పీహెచ్‌డీ విద్యార్థులకు గైడుగా ఉండొచ్చు. అసోసియేట్ ప్రొఫెసర్‌కు ఇద్దరు, ఆరుగురు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ఒక్కరు, నలుగురు. ముగ్గురు గైడులున్న ఒక విభాగాన్ని తీసుకోండి. పీహెచ్‌డీ సీట్లు 18, ఎం.ఫిల్. సీట్లు 6, మొత్తం 24. 2022 నిబంధనల్లో ఎం.ఫిల్. పోయింది. పీహెచ్‌డీ పరిమితి మాత్రం అదే ఎనిమిది, ఆరు, నాలుగు. పోయిన సీట్లను ఇటు కలపలేదు. 24 కాస్తా 18 అయ్యాయి. కాగితం మీద నాలుగో వంతు పరిశోధన సీట్లు ఒక్క గెజిట్‌తో మాయమయ్యాయి. ఏ నాయకుడైనా శాసనసభలో నోరు విప్పాడా?

ఇది గైడులున్న చోటి లెక్క. గైడే లేని చోట? ప్రొఫెసర్ పోస్టు ఒకటి ఖాళీగా ఉందంటే ఎనిమిది పరిశోధన సీట్లు ఖాళీ అని అర్థం. అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు భర్తీ కాలేదంటే నలుగురు సీమ బిడ్డల దారి మూసినట్టు. పైగా రిటైర్మెంటుకు మూడేళ్లలోపు ఉన్న అధ్యాపకుడు కొత్త విద్యార్థిని తీసుకోకూడదని 2022 నిబంధనే చెబుతోంది. అంటే పోస్టు ఖాళీ కావడానికి మూడేళ్ల ముందే సీటు ఖాళీ అవుతుంది. నియామకాలు ఆపి, పాఠాలు కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకులతో నడిపించి, ఆ తర్వాత 'మీ దగ్గర పరిశోధన లేదు, మీకు నిధులెందుకు' అని అడగడం మన పాలకులకు అలవాటైంది. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు.

మా మాటకు ఒక ఎదురుమాట వస్తుందని మాకు తెలుసు. ఎం.ఫిల్. ఎప్పుడో చెడిపోయింది, దాని కోసం ఏడవడం దేనికి అంటారు. నిజమే, చెడిపోయింది. చెడగొట్టిన తీరు మన కుప్పంలోనే చూశాం. 1997లో ద్రావిడ భాషల కోసం, నాలుగు రాష్ట్రాల ప్రజల కోసం పుట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఒక దశలో స్టడీ సెంటర్ల ద్వారా ఎం.ఫిల్., పీహెచ్‌డీ ప్రవేశాలు ఇచ్చి దేశమంతా వివాదాస్పదమైంది. దూరవిద్యలో ఈ డిగ్రీలు ఇవ్వకూడదని 2009 నిబంధనలు కట్టడి చేశాయి. ఆ కట్టడి సరైనదే. జువాలజీ పరిశోధన పోస్టులో వచ్చే పని కాదు. లేబరేటరీలో చేయి తడవాలి, అడవిలో కాలు నడవాలి.

కానీ ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటారా? దొంగ డిగ్రీలు అమ్మినవాళ్లను పట్టుకోవాలి. నాసిరకం వ్యాసాలకు సంతకం పెట్టిన గైడును నిలదీయాలి. అంతేగానీ, ఒళ్లు వంచి పనిచేసే పిల్లల మెట్టు ఎందుకు తీసేయాలి? 'నాలుగేళ్ల ఆనర్స్ చేసి 75 శాతం తెచ్చుకుంటే నేరుగా పీహెచ్‌డీకి రావొచ్చు కదా' అని ఢిల్లీ జవాబు. నగరంలో మంచి లేబరేటరీ ఉన్న కాలేజీ పిల్లకు అది వరమే. మా పుంగనూరులోనో, కుప్పంలోనో, మదనపల్లెలోనో చదివే పిల్లకు నాలుగో ఏడాది ఆనర్స్‌కు అధ్యాపకుడు ఎక్కడ? పరిశోధన చేయించే లేబరేటరీ ఎక్కడ? మెట్లు తీసేసి మేడ ఎక్కమంటే ఎక్కేది ఎవరో వేరే చెప్పాలా?

ఇక డబ్బు సంగతి. సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ కొట్టినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్. కొట్టనివారికి? కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరితే నెట్ లేకపోయినా పీహెచ్‌డీకి నెలకు 8,000 ఇస్తారు. ఎం.ఫిల్. ఉన్న రోజుల్లో దానికి 5,000 ఇచ్చేవారు. 2015లో ఆ కాస్తనూ ఎత్తేయబోతే ఢిల్లీ విద్యార్థులు యూజీసీ ఆఫీసు ముందే కూర్చుని కాపాడుకున్నారు. వారికి మా జేజేలు. కానీ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చేరినవాడికి ఆ పథకం కింద ఒక్క రూపాయి రాదు. అదే పని, అదే డిగ్రీ. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అయితే 8,000, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో అయితే సున్నా. మన పిల్లలు చేరేది ఎక్కువగా రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లోనే. పగలు లేబరేటరీ, సాయంత్రం ట్యూషన్లు, ప్రైవేటు జూనియర్ కాలేజీలో గంటల లెక్కన పాఠాలు. మాతో పాటు రాస్తారోకోల్లో కూర్చున్న మిత్రుల్లో ఇలా చదివినవాళ్లు ఉన్నారు. రసాయనాలు సొంత డబ్బుతో కొనుక్కున్నవాళ్లూ ఉన్నారు.

భాష మాట కూడా చెప్పుకోవాలి. నీట్ తెలుగులో రాయొచ్చు. 2021 నుంచి జేఈఈ మెయిన్ తెలుగులో రాయొచ్చు. లైఫ్ సైన్సెస్‌లో సీఎస్ఐఆర్ నెట్ మాత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే. 2024-25 నుంచి పీహెచ్‌డీ ప్రవేశాలకు కూడా నెట్ స్కోరునే వాడుకోవచ్చన్నారు. హిందీ పిల్లకు తన భాషలో ప్రశ్న దొరుకుతుంది. తెలుగు మీడియంలో డిగ్రీ దాకా వచ్చిన మన పిల్లకు దొరకదు. ఇది పోటీయా, వివక్షా?

ఇంతా చేసి సీమలో పరిశోధనకు సరుకు లేదా అంటే, దేశంలో ఇంత సరుకున్న చోట్లు కొన్నే.

మన చుట్టూ చూడండి. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు కుప్పం, పలమనేరు అడవుల్లోకి వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ప్రకటించారు. అప్పటి నుంచి రైతు పంట పోతోంది, ప్రాణం పోతోంది. కరెంటు తీగలు తగిలి ఏనుగులూ చస్తున్నాయి. 2025 మేలో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులను తెచ్చుకున్నాం. మంచిదే. అవి గుంపును తరుముతాయి. కానీ గుంపు ఏ నెలలో ఏ దారిన వస్తుంది, ఏ పంటకు వస్తుంది, ఏ చెరువు ఎండితే ఊరి మీద పడుతుంది అని ఏళ్ల తరబడి లెక్క కట్టేవాళ్లు కావాలి. ఆ లెక్క కట్టడం జువాలజీ. ఆ పనికి రామకుప్పం కుర్రాడి కంటే తగినవాడెవడు?

పట్టు రైతును అడగండి. 1980లో బెంగాల్ నుంచి వచ్చిన గూళ్లతో కర్ణాటకలో అడుగుపెట్టిన ఊజీ ఈగ దక్షిణాది పట్టు రైతుల నడ్డి విరిచింది. దాన్ని అదుపు చేసే దారుల్లో ఒకటి నెసోలింక్స్ థైమస్ అనే చిన్న పరాన్నజీవి. ఊజీ ఈగ ప్యూపా మీద గుడ్లు పెట్టి దాన్ని చంపుతుంది. మందు చల్లితే పట్టుపురుగూ చస్తుంది. ఈ చిన్న పురుగుతో ఆ భయం లేదు. దీన్ని తేల్చింది లేబరేటరీల్లో పురుగుల జీవితం చదివినవాళ్లు. మదనపల్లె టమాట రైతును అడగండి. 2014లో దేశంలో తొలిసారి కనిపించిన ట్యూటా ఆకుతొలుచు పురుగు ఆకునూ కాయనూ తొలిచేస్తోంది. ఈ మట్టిలో, ఈ ఎండలో దాని శత్రువు ఏదో వెతకడానికి ఒక ఎం.ఫిల్. విద్యార్థి ఏడాది కష్టం సరిపోయేది.

మన ఆవు సంగతే చూడండి. పలమనేరులో పశు పరిశోధన కేంద్రం దాన్ని కాపాడుతూ వచ్చింది. ఇప్పుడు గిరాకీ పెరిగింది. పొట్టిగా ఉన్న ప్రతి ఆవునూ పుంగనూరు ఆవని అమ్ముతున్నారు. ఏది అసలు జాతి, ఏది సంకరం? ఇంకా పొట్టిగా, ఇంకా పొట్టిగా అని దగ్గరి రక్తంతో ఈనిస్తూ పోతే జాతి ఏమవుతుంది? జన్యువులు చూసి చెప్పాల్సిన మాటలివి. ఢిల్లీ ఫొటోలు చెప్పవు.

మదనపల్లె పక్కన రిషివ్యాలీ 1991 నుంచి పక్షుల రక్షిత ప్రాంతం. అక్కడి గుట్టల్లో పసుపు గొంతు పిగిలిపిట్ట ఉంది. ప్రపంచంలో దక్షిణ భారతదేశపు రాతిగుట్టల్లో తప్ప మరెక్కడా లేని పిట్ట అది. కడప లంకమల దగ్గర 1986 జనవరిలో కలివికోడి మళ్లీ దొరికింది. 1900 తర్వాత ఎవరికీ కనిపించని పక్షి. దాన్ని పట్టి చూపింది ఎవరు? డిగ్రీ లేని స్థానిక వేటగాడు. పేరు మోసింది బొంబాయి సంస్థకు. గుత్తి రైల్వే యార్డులో దొరికిందని 1899లో ఒక నీలి సాలీడుకు శాస్త్రలోకంలో పేరు పెట్టారు. వందేళ్ల తర్వాత 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. ఇవాళ విదేశాల్లో దాన్ని పెంపుడు జీవిగా అమ్ముకుంటున్నారు. దాని పేరు గుత్తి సాలీడు. గుత్తి పిల్లలు ఎంతమందికి దాని పేరు తెలుసు?

చేయలేమా అంటే, చేశాం. 1954లో పుట్టిన ఎస్వీ యూనివర్సిటీలో ప్రొఫెసర్ కె. పంపాపతిరావు నాయకత్వంలో జంతుశాస్త్ర విభాగం 1960లలోనే మన మట్టిలోని వానపాము చలికి ఎలా సర్దుకుంటుందో శోధించింది. ఆ విభాగంలోనే మన రాళ్ల కింది నల్లతేలు నరాల మీద పనిచేశారు. ఖరీదైన జంతువులు అక్కర్లేదు, పెరట్లో దొరికే జీవే చాలని ప్రపంచానికి చూపించారు. సీమ పిల్లలు లేబరేటరీలో తల దించుకుని పనిచేస్తే ఏం వస్తుందో అప్పుడే తేలింది. ఆ లేబరేటరీలకు తర్వాతి తరాలను అందకుండా చేసింది ఎవరు?

ఉమ్మడి రాష్ట్రంలో పరిశోధనా సంస్థలను ఎక్కువగా హైదరాబాద్‌లో పెట్టారు. 1977లో సీసీఎంబీ, ఆ తర్వాత దాని కింద అంతరిస్తున్న జీవుల ప్రయోగశాల, జువలాజికల్ సర్వే మంచినీటి జీవుల కేంద్రం, అన్నీ అక్కడే. మన కలివికోడి ఇక్కడ, దాని డీఎన్ఏ చూసే చోటు అక్కడ. 2014లో రాష్ట్రం విడిపోయాక అవి పక్క రాష్ట్రంలో ఉండిపోయాయి. 2015లో తిరుపతికి ఐసర్ వచ్చింది. ఆహ్వానిస్తున్నాం. కానీ అది దేశమంతటి పిల్లలకు. దాని గేటు ముందు నుంచి పోయే సీమ పిల్లకు లోపలికి దారి చూపే మెట్టు మన విశ్వవిద్యాలయాల్లోనే ఉండాలి.

ఇది కొత్త గొడవ కాదు. 1937 నవంబర్ 16న శ్రీబాగ్ ఒడంబడికలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వాల్తేరులో ఒకటి, అనంతపురంలో ఒకటి రెండు కేంద్రాలు ఉండాలని రాసుకున్నారు. నీళ్ల కంటే ముందు చదువు రాసుకున్నారు మన పెద్దలు. అనంతపురానికి సొంత విశ్వవిద్యాలయం 1981లో వచ్చింది. 44 ఏళ్లు పట్టింది. ఎం.ఫిల్. పోయిన చోట కొత్త మెట్టు కోసం ఇంకో 44 ఏళ్లు ఆగమంటే ఆగుతామా?

అందుకే మా డిమాండ్లు సూటిగా చెబుతున్నాం. సీమ విశ్వవిద్యాలయాల్లో ఖాళీ అధ్యాపక పోస్టులు వెంటనే నింపాలి. ఎన్ని పోస్టులు ఖాళీ, వాటితో ఎన్ని పరిశోధన సీట్లు పోయాయి అన్న లెక్కతో శ్వేతపత్రం ఇవ్వాలి. ఎమ్మెస్సీ తర్వాత ఏడాదిపాటు ఫెలోషిప్‌తో కూడిన పరిశోధన శిక్షణ రాష్ట్రమే పెట్టాలి. దానికి డిగ్రీ పేరు పెట్టడానికి ఢిల్లీ ఒప్పుకోదు, శిక్షణ ఇవ్వడానికి అడ్డు చెప్పలేదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ చేసే ప్రతి స్థానిక విద్యార్థికీ నెలనెలా ఫెలోషిప్ ఇవ్వాలి. పలమనేరు, కుప్పం మధ్య ఏనుగులు, పశువులు, పట్టు మీద ఒక క్షేత్ర పరిశోధన కేంద్రం పెట్టి తిరుపతి విశ్వవిద్యాలయాలకు అనుబంధం చేయాలి. సీఎస్ఐఆర్ నెట్ తెలుగులో పెట్టాలని మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి.

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. 2022 నిబంధనలకు ముందు సక్రమంగా చేరి తెచ్చుకున్న ఎం.ఫిల్. చెల్లుతుంది. ఎవరో బెదిరిస్తే బెదరకండి. ఇక ముందు చదవాలనుకునే లెక్చరర్లు, టీచర్లు పనిచేసే చోటు నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకుని పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేయొచ్చు. మహిళలకు గడువులో రెండేళ్ల సడలింపు ఉంది, 240 రోజుల ప్రసూతి సెలవు ఉంది. కుప్పం నుంచి తిరుపతికి పోయి రావడానికే ఒక రోజు పడుతుంది కాబట్టి స్టడీ లీవు కోసం మీ సంఘాలు గట్టిగా అడగాలి. పీఆర్సీ ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

విద్యార్థి మిత్రులకు రెండు మాటలు. సరిహద్దు అవతల 'ఏడాదిలో ఎం.ఫిల్. ఇప్పిస్తాం' అనే ఏజెంట్లు ఎదురుపడితే ఒక్క రూపాయి ఇవ్వకండి. ఆ కాగితం ఏ ఉద్యోగానికీ పనికిరాదు. రెండోది, ఉద్యమంలో జెండా పట్టుకున్న చేత్తోనే ఒక నోట్‌బుక్ కూడా పట్టుకోండి. మీ ఊరి గుట్ట మీద ఏ పక్షి ఏ నెలలో వస్తుందో, ఏనుగుల గుంపు ఏ రాత్రి ఏ చేలో పడిందో, మీ ఇంటి మల్బరీ తోటలో ఊజీ ఈగ ఎప్పుడు ఎక్కువవుతుందో తేదీ వేసి రాయండి. దానికి యూజీసీ అనుమతి అక్కర్లేదు. రేపు పరిశోధన సీటు మన హక్కుగా తెచ్చుకున్న రోజున ఆ నోట్‌బుక్కే మీ మొదటి అధ్యాయం అవుతుంది.

మన నీళ్లను వేరేవాళ్లు పంచారు. మన జీవాల మీద వేరేవాళ్లు పేరు తెచ్చుకున్నారు. ఇక మీదట మన గడ్డ గురించి మన బిడ్డలే రాయాలి. అందుకు సీట్లు కావాలి, గైడులు కావాలి, నెలకింత డబ్బు కావాలి. అడుగుదాం. ఇచ్చేదాకా అడుగుదాం.